చేంబర్స్ బే: గజాల లెక్క సగమే, మిగతాది వాలు లెక్క

సియాటిల్ చుట్టుపక్కల పబ్లిక్ గోల్ఫ్ కోర్సులకు కొదవ లేదు. వాటిలో ఒక్కదానికి మాత్రమే రోజంతా కేటాయించి, గట్టిగా డబ్బు పెట్టి వెళ్ళాలంటే అది చేంబర్స్ బేనే. టకోమా పక్కనే యూనివర్సిటీ ప్లేస్ అనే ఊళ్ళో, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉంది. పియర్స్ కౌంటీ ఆస్తి. సభ్యత్వం అక్కర్లేదు, టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) దొరికితే ఎవరైనా ఆడొచ్చు. గోల్ఫ్‌లో పెద్ద పోటీల్లో ఒకటైన యూఎస్ ఓపెన్ 2015లో జరిగింది ఇక్కడే. సియాటిల్ శివార్లు బెల్‌వ్యూ, రెడ్మండ్, సమామిష్ నుంచి మన తెలుగువాళ్ళు ఆ పేరు చూసే వెళ్తారు. పద్దెనిమిది హోల్స్‌కి నూట పది దెబ్బలు దాటి కొట్టి, "గ్రీన్లు బాగోలేవు, గడ్డి ఎండిపోయింది, నడిచి నడిచి కాళ్ళు పడిపోయాయి" అంటూ తిరిగొస్తారు. గ్రీన్ అంటే జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి; దాని గురించిన మొదటి మాట పాతది. రెండోది అపార్థం. మూడోది మాత్రం నిజం, దానికి సిద్ధపడే వెళ్ళాలి.

ముందు నేల సంగతి తెలియాలి, ఎందుకంటే ఇక్కడ అన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. ఈ జాగాలో దశాబ్దాల తరబడి ఇసుక, కంకర తవ్వారు. 1992లో సుమారు 930 ఎకరాలు కౌంటీ కొన్నది. అందులో 250 ఎకరాల మేర గోల్ఫ్ కోర్సుల రూపకర్త రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్ సంస్థ గీసిన కోర్సు 2007లో తెరుచుకుంది. క్లబ్‌హౌస్ గట్టు మీద ఉంటుంది, కోర్సేమో దాదాపు 200 అడుగుల కింద, తవ్వేసిన గుంతలో. పై నుంచి కిందికి షటిల్ బండిలో దింపుతారు. కనిపించే ఇసుక దిబ్బల్లో చాలా భాగం తవ్వకాల్లో మిగిలిన ఇసుకను పోసి మలిచినవే. 18వ హోల్ పక్కన వరసగా నిలబడ్డ కాంక్రీటు గోడలు ఆ గని కాలం నాటివి, వాటిని అలాగే ఉంచేశారు.

కింద అంతా ఇసుకే కాబట్టి నీళ్ళు నిలవవు. పైన ఫెయిర్‌వేల్లో (మొదటి షాట్ కొట్టే టీ నుంచి గ్రీన్ దాకా కోసిన గడ్డి దారుల్లో) ఉన్నది ఫైన్ ఫెస్క్యూ గడ్డి. సన్నటి పోచలు, తక్కువ నీళ్ళతో బతికే రకం. ఎండాకాలంలో లేత గోధుమ రంగుకి తిరుగుతుంది. చచ్చిపోయి కాదు, దాని స్వభావమే అది. నీళ్ళు తగ్గించి నేలను గట్టిగా ఉంచడం కోసమే దాన్ని ఎంచుకున్నారు. హైదరాబాదులో గోల్కొండ పక్క నయా ఖిలా కోర్సులోనో, మరోచోటో బెర్ముడా గడ్డి మీద ఆట నేర్చుకున్నవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. బెర్ముడా బంతిని కాస్త పైకెత్తి పట్టుకుంటుంది. ఫెస్క్యూ మీద బంతి నేలకే అంటుకుని కూర్చుంటుంది, క్లబ్బు కింద దూరడానికి సందు ఉండదు. 12, 14 డిగ్రీల బౌన్స్ (అడుగు ఉబ్బు) ఉన్న సాండ్ వెడ్జ్ అనే పొట్టి క్లబ్బుతో చిప్ చేస్తే (గ్రీన్ మీదికి చిన్నగా కొడితే) వెడ్జ్ అడుగు నేలను తాకి ఎగిరి, అంచు బంతి నడుముకి తగులుతుంది. బంతి గ్రీన్ దాటి అవతలి వాలులోకి పోతుంది. 6 నుంచి 8 డిగ్రీల బౌన్స్ ఉన్న వెడ్జ్ ఒకటి సంచిలో ఉండాలి. లేదా వెడ్జే తీయకూడదు, ఆ సంగతి తర్వాత.

ఈ గడ్డి చక్రాల రాపిడిని తట్టుకోదు, తొక్కితే మళ్ళీ లేవడానికి చాలా కాలం పడుతుంది. అందుకే గోల్ఫ్ కార్టులు లేవు. వైద్య కారణం ఉన్నవాళ్ళకి మాత్రం ముందుగా చెబితే ఏర్పాటు చేస్తారు. మిగతా అందరూ నడవాల్సిందే. 18 హోల్స్‌కి పది కిలోమీటర్లు పైనే పడుతుంది, అదీ సమతలం మీద కాదు. సంచి మోసేవాళ్ళు క్లబ్బులు తొమ్మిదో పదో చాలనుకుని మిగతావి ఇంట్లో వదిలేయడం మంచిది. 3, 4 ఐరన్లు (దూరపు షాట్ల క్లబ్బులు), నాలుగో వెడ్జ్ ఇక్కడ బరువు చేటు. తోపుడు బండి తీసుకుంటే దానికి చేతి బ్రేకు పనిచేస్తుందో లేదో బయలుదేరకముందే చూసుకోవాలి. వాలు మీద బండి వదిలి పుట్ కొట్టడానికి (గ్రీన్ మీద బంతిని దొర్లించడానికి) వెళ్ళినప్పుడు బ్రేకు జారితే బండి ఆగేది అడుగున ఉన్న బంకర్లోనే (ఇసుక గుంటలోనే). బండిని ఎప్పుడూ వాలుకు అడ్డంగా నిలపాలి. కేడీ (సంచి మోసి సలహా చెప్పే మనిషి) కావాలంటే టీ టైమ్‌తోపాటే అడగాలి, ఆరోజు అడిగితే దొరకడం కష్టం. మొదటిసారి వెళ్ళేవాళ్ళు నలుగురూ కలిసి ఒక కేడీని పెట్టుకుంటే ఆ డబ్బు దండగ కాదు. గ్రీన్ మీద పుట్ పోయే దారి చెప్పడం కన్నా, ఏ గట్టుకి కొడితే బంతి ఎటు దిగుతుందో చెప్పడంలో అతని విలువ ఉంది.

బూట్లకి కొత్త సాఫ్ట్ స్పైకులు వేయించుకోండి. ఎండు ఫెస్క్యూ వాలు మీద అరిగిన అడుగులు జారతాయి. యూఎస్ ఓపెన్ అప్పుడు ప్రేక్షకులు అలాగే పడ్డారు. 8వ హోల్ వెంట నిలబడి చూడటానికి చోటే ఇవ్వలేకపోయారు, వాలు అంత ఏటవాలు. ఎక్కడం కన్నా దిగడం మోకాళ్ళకి ఎక్కువ పని. పక్కకు తిరిగి అడ్డంగా దిగేవాళ్ళకి మర్నాడు నొప్పి తక్కువ.

ఇక ఎత్తుపల్లాల లెక్క. గ్రీన్ మూడు అడుగులు పైకి ఉంటే ఒక గజం కలపాలి, మూడు అడుగులు కిందికి ఉంటే ఒక గజం తీసేయాలి. ఇది మోటు లెక్కే గానీ మామూలు ఆటగాడికి సరిపోతుంది. 9వ హోల్ పార్ 3 (మూడు షాట్లలో ముగించాల్సినది) చూడండి. పై టీ నుంచి గ్రీన్ దాదాపు 100 అడుగుల కింద ఉంటుంది. అంటే 33 గజాల తేడా, క్లబ్బుకి పది గజాల చొప్పున మూడు క్లబ్బులు తగ్గాలి. అయినా చాలామంది రెండే తగ్గిస్తారు, ఎందుకంటే ఎదురుగా నీళ్ళు, అవతల ఒలింపిక్ కొండలు, బంతి గాలిలో ఎంతసేపు ఉంటుందో కంటికి అంచనా అందదు. అంతసేపు గాలిలో ఉండే బంతిని సముద్రం మీది గాలి పక్కకి తోసేస్తుంది. ఇక్కడ గజాల కన్నా ముందు జెండా ఎటు ఊగుతోందో చూడాలి. స్లోప్ (వాలు లెక్క) కూడా చూపించే దూరం కొలిచే లేజర్ ఉంటే ప్రాక్టీసు రౌండ్లో వాడండి. పోటీలో ఆ స్లోప్ సదుపాయాన్ని ఆపేయాలి.

నిలబడ్డ చోటు కూడా సమంగా ఉండదు. ఫెయిర్‌వే మధ్యలో పడ్డ మంచి డ్రైవ్‌కి (టీ నుంచి కొట్టిన పొడుగు షాట్‌కి) కూడా ఒక పాదం పైన, ఒక పాదం కింద వస్తుంది. కుడిచేతి వాళ్ళకి బంతి పాదాల కన్నా ఎత్తులో ఉంటే ఎడమకి తిరుగుతుంది, గ్రిప్ అంగుళం కిందికి పట్టుకుని కొంచెం కుడికి గురిపెట్టాలి. బంతి పాదాల కన్నా కింద ఉంటే కుడికి పోతుంది, మోకాళ్ళు ఎక్కువ వంచి షాట్ పూర్తయ్యేదాకా లేవకుండా ఉండాలి. దిగుడు వాలులో భుజాలను వాలుకి సమాంతరంగా పెట్టాలి. బంతి తక్కువ ఎత్తున వెళ్ళి ఎక్కువ దొర్లుతుంది, కాబట్టి ఒక క్లబ్బు తక్కువ. ఎక్కుడు వాలులో దీనికి తిరగేసి. ఈ నాలుగూ పుస్తకాల్లో ఉన్నవే. మామూలు కోర్సులో రౌండుకి మూడు నాలుగు సార్లు అవసరం పడితే ఇక్కడ దాదాపు ప్రతి హోల్‌లో పడుతుంది. వెళ్ళేముందు ప్రాక్టీసు రేంజ్‌లో చాప మీద వంద బంతులు కొట్టే బదులు, ఏదైనా పార్కు గట్టు మీద వాలులో నిలబడి ఒక గంట ఉత్త స్వింగులు వేయడం ఎక్కువ ఉపయోగం.

ఒకటో హోల్ నుంచే కోర్సు తన పద్ధతి చెప్పేస్తుంది. సముద్రం వైపు సాగే పొడుగాటి హోల్. గ్రీన్‌కి ఎడమ పక్క గట్టు తెగిపడినట్టు దిగుతుంది, అటు పోయిన బంతి అడుగుదాకా ఆగదు. జెండా ఎడమన ఉన్నా సరే, కుడి వైపు మెరక మీద వేసి దొర్లనివ్వాలి. నీరు పల్లమెరుగు అంటారు, ఇక్కడ బంతికి కూడా అదే తెలివి. 4వది పార్ 5, మొదటి నుంచి చివరిదాకా ఎక్కుడే, కుడి పక్కంతా ఇసుక. కార్డు మీద ఉన్న గజాలకు ఒక క్లబ్బు కలుపుకోకుండా ఆడితే మూడో షాట్ ఎప్పుడూ పొట్టే. 5వ హోల్ టీ చాలా ఎత్తున ఉంటుంది, కోర్సంతా కనిపిస్తుంది. పోయిన ఊపిరి తెచ్చుకోవడానికి అదే చోటు.

7వ హోల్ అన్నిటికన్నా కఠినం, నా దృష్టిలో అన్నిటికన్నా నిజాయితీ గలది కూడా. పొడుగాటి పార్ 4, పైకి ఎక్కుతూ కుడికి తిరుగుతుంది. గ్రీన్ ముందు రెండు పెద్ద మూపురాలు. ఒక్క గజం పొట్టిగా పడినా బంతి ఆ మూపురం మీంచి వెనక్కి దొర్లి నలభై యాభై గజాల కింద ఆగుతుంది. అదే షాట్‌ని మళ్ళీ అదే చోటు నుంచి ఆడాలి, మళ్ళీ పొట్టి చేసేవాళ్ళూ ఉన్నారు. దీనికి మందు ఒకటే. రెండో షాట్‌లో గ్రీన్ అందదనిపిస్తే మూపురాల మొదలుకి చాలా ముందే, కాస్త చదునైన చోట ఆపాలి. అక్కడి నుంచి మూడో షాట్‌ని జెండా దాటించి వేయాలి. గ్రీన్ వెనక నుంచి పుట్ కొట్టడం ముందు నుంచి మళ్ళీ ఎక్కించడం కన్నా వెయ్యి రెట్లు నయం. బోగీ (పార్ కన్నా ఒకటి ఎక్కువ) ఇక్కడ మంచి స్కోరే.

8వ హోల్‌లో ఒక్క బంకర్ కూడా లేదు. అయినా సులువు కాదు, ఫెయిర్‌వే మొత్తం కొండ పక్కన అడ్డంగా వేలాడుతుంది. కొండ వైపుకి కొట్టిన బంతి మధ్యకి దిగి వస్తుంది, లోయ వైపు జారినది తిరిగి రాదు. 10వ హోల్ రెండు దిబ్బల మధ్య సందులోకి పోతుంది. 12వ హోల్ పొట్టి పార్ 4, ఎక్కుడు, గిన్నెలాంటి గ్రీన్. డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం పంపే క్లబ్బుతో) గ్రీన్ ఎక్కించొచ్చని ఆశ పెడుతుంది. గ్రీన్ లోపల ఉన్న మిట్టపల్లాల వల్ల జెండా ఎక్కడుందో చూడకుండా డ్రైవర్ తీయడం దండగ. 14వ హోల్ టీ నుంచి ఎడమ పక్క ఇసుక మైదానం ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. ఆ ఇసుకని ఎంత మేర దాటించగలరో తెలియకపోతే కుడి పక్కనే ఉండండి.

15వ హోల్ వెనక ఒంటరిగా నిలబడ్డ డగ్లస్ ఫర్ చెట్టుంది. ఆట జరిగే చోట ఉన్న చెట్టు అదొక్కటే. 2008లో ఎవరో రాత్రివేళ గొడ్డలితో దాన్ని నరకబోయారు, గాయానికి చికిత్స చేసి బతికించారు. 16, 17 హోల్స్ కుడి పక్కనే రైలు పట్టాలు, సరకు రైళ్ళు చెవులు పగిలేలా కూత వేసుకుంటూ పోతాయి. పుట్ కొట్టే ముందు పట్టాల వైపు ఓసారి చూడటం అలవాటు చేసుకోండి.

18వ హోల్ పార్ 5, ఫెయిర్‌వే మధ్యలో రెండో షాట్ పడే చోట పది అడుగులకు పైగా లోతున్న బంకర్ ఉంది. ఇక్కడే జరిగిన 2010 యూఎస్ అమెచ్యూర్ పోటీ తర్వాత చేర్చారు. అందులో పడితే ముందుకు కొట్టాలనే ఆలోచన మానేసి పక్కకో వెనక్కో తీయండి. చాలామందికి దాని అంచు టీ నుంచి కనపడదు కూడా. రెండో షాట్‌కి ముందు నాలుగడుగులు పక్కకి నడిచి అదెక్కడుందో చూసి రావడం ఆలస్యం అనుకోకూడదు. 2015లో డస్టిన్ జాన్సన్ ఈ గ్రీన్ మీదే 12 అడుగుల నుంచి మూడు పుట్లు తీసుకున్నాడు, జోర్డన్ స్పీత్ ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచాడు.

ఆ గ్రీన్ల గురించి. ఓపెన్ సమయానికి ఫెస్క్యూలో పోవా ఆనువా అనే మరో గడ్డి మచ్చలు మచ్చలుగా చొరబడి ఉంది. రెండూ ఒకే వేగంతో పెరగవు, పొద్దున కోసినా సాయంత్రానికి ఒకటి పైకి లేస్తుంది, బంతి ఎగిరెగిరి పోతుంది. బ్రోకలీ మీద పుట్ కొట్టినట్టుందని ఆటగాడు హెన్రిక్ స్టెన్సన్ అన్నమాట అప్పట్లో అందరి నోటా నానింది. ఆ విమర్శ సరైనదే. కౌంటీ దాన్ని పట్టించుకుంది. 2018 చలికాలం మొదలయ్యే వేళ కోర్సు మూసి గ్రీన్లన్నీ తిరగేసి పూర్తిగా పోవా ఆనువా పరిచి, 2019 వసంతంలో తెరిచారు. ఇప్పుడు ఒకటే గడ్డి కాబట్టి నునుపు వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో పోవా గింజ వేస్తుంది, అప్పుడు మధ్యాహ్నం తర్వాత కాస్త గరుకు ఉంటుంది. మెత్తటి గడ్డి కాబట్టి కప్పు (బంతి పడే గుంత) చుట్టూ అడుగుల ముద్రలు పడతాయి. మూడు అడుగుల పుట్‌ని నెమ్మదిగా జారవిడిస్తే ఆ ముద్రలో పడి తిరిగిపోతుంది, కప్పు వెనక గోడకి తగిలేంత గట్టిగా కొట్టాలి. పొద్దుటి టీ టైమ్‌కి ఎక్కువ ధర పెట్టడానికి ఇదొక్కటే కారణం చాలు.

గ్రీన్ అవతల పరిస్థితి వేరు. గ్రీన్ అంచూ ఫెయిర్‌వే అంచూ కలిసిపోయి ఉంటాయి. గ్రీన్‌కి ముప్ఫై గజాల దూరం నుంచి కూడా పుట్టర్ తీయడం ఇక్కడ సిగ్గుపడాల్సిన పని కాదు, చాలాసార్లు అదే సరైన క్లబ్బు. ముప్ఫై గజాలకి నలభై గజాలకి కొట్టినట్టు కొట్టాలి, ఎక్కుడైతే ఇంకాస్త. పుట్టర్‌తో గట్టు ఎక్కదనిపిస్తే హైబ్రిడ్ అనే క్లబ్బుని పుట్టర్‌లా పట్టుకుని నెట్టండి, మొదట ఒక చిన్న గెంతు గెంతి దొర్లుతుంది. 2023లో తెలుగు కుటుంబపు ఆటగాడు సాహిత్ తీగల అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరస పీజీఏ టూర్‌లో టైటిల్ గెలిచాక మన ఇళ్ళలో పిల్లలకి ఈ ఆట మీద ఆసక్తి పుట్టింది. వాళ్ళకి బంతిని గాలిలో కాక నేల మీద ఊహించడం నేర్పాలంటే ఇంతకన్నా మంచి బడి ఆ చుట్టుపక్కల లేదు.

బంకర్లలో ఉన్నది అక్కడి ఇసుకే. ఒకచోట మెత్తగా, ఇంకోచోట గులకతో గట్టిగా ఉంటుంది. షాట్‌కి ముందు ఇసుకని చేత్తోనో క్లబ్బుతోనో పరీక్షించడం నియమాలకు విరుద్ధం, కానీ లోపలికి నడిచేటప్పుడు పాదం ఎంత దిగుతోందో తెలుస్తుంది. దిగకపోతే వెడ్జ్ ముఖాన్ని ఎక్కువ తెరవకండి.

ఏ నెలలో వెళ్ళాలి? జూలై నుంచి సెప్టెంబరు చివరిదాకా నేల గట్టిగా ఉండి కోర్సు ఎలా ఆడాలని కట్టారో అలా ఆడుతుంది. బంతి పడ్డాక ఇరవై ముప్ఫై గజాలు దొర్లుతుంది, గ్రీన్‌కి బాగా ముందే దింపాలి. అన్నిటికన్నా సెప్టెంబరు మేలు. ఎండ మెత్తబడుతుంది, వాన ఇంకా మొదలుకాదు. నవంబరు నుంచి మార్చి వరకు వాన రోజులే ఎక్కువ, అయినా చుట్టుపక్కల మట్టి కోర్సులు బురదైపోయినప్పుడు ఇది ఇసుక పుణ్యమా అని ఆడుకునేలా ఉంటుంది. అప్పుడు ఫీజు బాగా తగ్గుతుంది. దొర్లుడు మాత్రం సగం పోతుంది, కోర్సు అసలు గుణం కనపడదు.

డబ్బు విషయానికొస్తే, వేసవిలో బయటివాళ్ళకి మనిషికి 200 డాలర్లు దాటుతుంది. పియర్స్ కౌంటీలో ఉండేవాళ్ళకి బాగా తక్కువ, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి కొంత రాయితీ. గుర్తింపు కార్డు చూపించాలి. పబ్లిక్ కోర్సుకి అది ఎక్కువే, ఆ మాట దాచాల్సిన పనిలేదు. వేసవి సాయంత్రం తొమ్మిది దాకా వెలుతురుంటుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాతి చవక టీ టైమ్ తీసుకుంటే రౌండ్ పూర్తవుతుంది. రౌండ్ ఐదు గంటలకు తగ్గదు. రెడ్మండ్ నుంచి ఖాళీ రోడ్డు మీద గంట పైన పడుతుంది. ఐ-5 మీద టకోమా దగ్గర రద్దీ ఉంటే రెండు గంటలు, అందుకే టీ టైమ్‌కి కనీసం మూడు గంటల ముందు బయలుదేరాలి. షటిల్ దిగడానికి, ప్రాక్టీసు గ్రీన్ మీద ఇరవై నిమిషాల పొడుగు పుట్లకి టైమ్ మిగలాలి.

టీల ఎంపికలో మొహమాటం వద్దు. వెనక టీలు 7,500 గజాల పైన, అన్నిటికన్నా ముందువి 5,250 ప్రాంతం. సాధారణంగా 90 పైన కొట్టేవాళ్ళు 6,000 గజాల లోపు టీ నుంచే మొదలుపెట్టాలి. ఎక్కుడు హోల్స్‌లో ఫెయిర్‌వే అందుకోవడానికే చాలా గజాలు కావాలి. ఇంకా వంద దిగనివాళ్ళు ఇంకొక ఏడాది ఆగితే మంచిది. ఆట అంటే ఇష్టం లేని ఇంటివాళ్ళను కూడా తీసుకెళ్ళొచ్చు. కోర్సు చుట్టూ, కొంత మేర కోర్సు మధ్యలోంచి, అందరికీ తెరిచి ఉన్న నడక దారి ఉంది, పట్టాల మీది వంతెన దాటితే సముద్రపు ఒడ్డు. దానికి పైసా ఖర్చు లేదు.